దలీప్ సింగ్ సౌంద్: పౌరసత్వం వచ్చిన ఏడేళ్లకే అమెరికా ప్రతినిధుల సభకు ఎలా చేరారు?

కృష్ణాతీరం (ప్రశ్న):
మిత్రులకు నమస్కారం. అమెరికా ప్రతినిధుల సభకు పూర్తి ఓటు హక్కు గల సభ్యుడిగా ఎన్నికైన తొలి ఆసియా సంతతి వ్యక్తి పంజాబులో పుట్టిన దలీప్ సింగ్ సౌంద్ అని ఈమధ్య చదివాను. 1920లో ఆ దేశం చేరిన ఆయనకు 1949 డిసెంబరులో గాని పౌరసత్వం రాలేదు. 1956 నవంబరులో కాలిఫోర్నియా 29వ నియోజకవర్గం ఆయనను గెలిపించింది. ఇరవై తొమ్మిదేళ్లు ఓటే లేని మనిషికి ఇది ఎలా సాధ్యమైంది? అంతకాలం ఆయన ఏం చేస్తూ ఉన్నారు? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

పొలంగట్టు:
ఆయన బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆహార నిల్వ పద్ధతులు చదవాలని వెళ్లి, చివరికి గణితంలో 1924లో డాక్టరేటు పొందారు. అయితే ఆ ముందు ఏడాదే, అమెరికాలో స్థిరపడిన భగత్ సింగ్ థిండ్ అనే భారతీయుడి కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. అంత చదువుకున్న మనిషి కాలిఫోర్నియాలోని వ్యవసాయ ప్రాంతమైన ఇంపీరియల్ లోయకు చేరి, పత్తి ఏరే కూలీల ముఠాకు మేస్త్రీగా పని మొదలుపెట్టి, తరువాత సొంతంగా సాగులోకి దిగారు. పౌరసత్వానికి అనర్హులైనవారు భూమి కొనరాదని కాలిఫోర్నియా చట్టం శాసించినందువల్ల, అక్కడి భారతీయ రైతులు తాము దున్నే పొలాన్ని చాలాసార్లు ఇతరుల పేరున పెట్టుకోవలసి వచ్చేది. ఆర్థిక మాంద్యంలో పంటల ధరలు పడిపోయి సౌంద్ అప్పుల పాలయ్యారు. అయినా దివాలా పిటిషను పెట్టకుండా ఏళ్ల తరబడి ఆ బాకీలు తీర్చారు. ఓటు లేని ఆ రోజుల్లోనే చర్చిల్లో, క్లబ్బుల్లో భారత స్వాతంత్ర్యం గురించి ప్రసంగించేవారు. మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉందని నా అభిప్రాయం: ఓటు అడగడానికి వచ్చేనాటికి ఆ లోయలో ఆయన కొత్త మనిషి కారు.

న్యాయపథం:
పై మిత్రులు చెప్పినదానికి ఎన్నికల సంగతి కలుపుతాను. 1946 నాటి లూస్–సెల్లర్ చట్టం భారతీయులకు, ఫిలిపినోలకు పౌరసత్వపు తలుపు తెరిచింది. అందుకోసం న్యూయార్క్‌లో జె. జె. సింగ్ వంటివారు పోరాడుతుండగా, కాలిఫోర్నియాలో సౌంద్ 1942లో ఏర్పడిన ఇండియా అసోసియేషన్‌కు అధ్యక్షుడిగా పనిచేశారు. 1950లో ఇంపీరియల్ లోయలోని వెస్ట్‌మోర్లాండ్ అనే ఊరి స్థానిక న్యాయమూర్తి పదవికి ఎన్నికై కూడా, పౌరసత్వం వచ్చి ఏడాది నిండలేదన్న కారణంతో, కేవలం కొద్ది వారాల తేడాతో ఆ పదవి పోగొట్టుకున్నారు. 1952లో మళ్లీ నిలబడి గెలిచారు.

ప్రతినిధుల సభకు ఏడేళ్ల పౌరసత్వం కావాలని రాజ్యాంగం చెబుతుంది. 1956 పోలింగు నాటికి ఆయనకు ఏడేళ్లు నిండలేదు. ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికలో) ప్రత్యర్థి ఈ విషయంపైనే కోర్టుకెక్కినా ఫలితం లేకపోయింది. 1957 జనవరి 3న ప్రమాణ స్వీకారం చేసేనాటికి గడువు పూర్తయింది. ఆరేళ్ల క్రితం పదవిని దూరం చేసిన ఆ కొద్ది వారాలే ఈసారి ఆయన పక్షాన నిలిచాయి. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు నిండుతుంది.

ప్రధాన ఎన్నికలో ఆయన ఓడించినది ధ్వని వేగాన్ని దాటిన తొలి మహిళా పైలట్ జాక్వెలిన్ కాక్రన్‌ను. ఆమెకు పేరూ సంపదా ఉన్నాయి, పైగా ఆమె పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీకి చెందిన ఐసెన్‌హోవర్ అదే ఏడాది అధ్యక్షుడిగా మళ్లీ గెలిచారు. అటువంటి గాలిలో డెమొక్రాట్ సౌంద్ గెలవడం సామాన్య విషయం కాదు.

కృష్ణాతీరం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. 1950 నాటి సంగతి నాకు తెలియదు. ఆయనకు ఓటు వేసినవారిలో భారతీయులు ఎంతమంది ఉండి ఉంటారు? పదవిలో ఎన్నాళ్లు ఉన్నారు?

వలసపిట్ట:
భారతీయులు చాలా కొద్దిమందేనండి. 1946 చట్టం కూడా భారతదేశం నుంచి ఏడాదికి 100 మందికే వలస వచ్చే అవకాశమిచ్చింది. మన తెలుగు వైద్యులు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లడం 1965 వలస చట్టం తరువాతి మాట. కాబట్టి ఆయనను తమవాడిగా ఎంచుకున్నది ప్రధానంగా ఇతర జాతుల ఇరుగుపొరుగే.

మూడుసార్లు గెలిచి, విదేశీ వ్యవహారాల సంఘంలో పనిచేశారు. 1957 పౌరహక్కుల చట్టానికి మద్దతిచ్చారు. 1962 మేలో వాషింగ్టన్‌కు విమానంలో వెళుతూ ఉండగా పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో ఉండగానే ప్రైమరీ గెలిచినా, ప్రచారానికి దిగలేక నవంబరులో ఓడిపోయారు. 1973లో మరణించారు. ఆ సభలో భారత సంతతికి చెందిన రెండో సభ్యుడిగా బాబీ జిందాల్ ప్రమాణం చేసింది 2005లో. సౌంద్ పదవి వీడి అప్పటికి 42 ఏళ్లు.