పామ్ టీఎక్స్ కొత్త విండోస్‌తో హాట్‌సింక్ కావట్లేదు, సాయం చెయ్యండి

ప్రశ్న:
నమస్కారమండీ. మా నాన్నగారు ఎల్ఐసీ ఏజెంటు. పాలసీదారుల నంబర్లు, ప్రీమియం తేదీలు అన్నీ పామ్ టీఎక్స్ అనే పాత చేతి కంప్యూటర్‌లోనే రాసుకుంటారు. పాత ఎక్స్‌పీ కంప్యూటర్ పాడైపోయింది. కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. పామ్ డెస్క్‌టాప్ ఇన్‌స్టాల్ అయింది, తెరుచుకుంటోంది కూడా. కేబుల్ పెట్టి హాట్‌సింక్ (పామ్‌లోని సమాచారాన్నీ కంప్యూటర్‌లోని సమాచారాన్నీ ఒకటి చేసే పని) నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. కేబుల్ మార్చి చూశాను. ఫోన్‌కి మారమంటే ఆయన ఒప్పుకోరు, నేనూ బలవంతం చెయ్యను.

జవాబు:
కేబుల్ తప్పు కాదండీ. పామ్ డెస్క్‌టాప్ 32-బిట్ ప్రోగ్రాం, అలాంటివి 64-బిట్‌దైన మీ విండోస్ 11లోనూ నడుస్తాయి. పామ్‌ను విండోస్ గుర్తుపట్టేలా చేసే డ్రైవర్ అలా కాదు. అది విండోస్ లోపలి కీలక భాగమైన కెర్నల్‌లోకి ఎక్కాలి, అక్కడ 32-బిట్‌ది చెల్లదు. యూఎస్‌బీ హాట్‌సింక్‌కి 64-బిట్ డ్రైవర్‌ను పామ్ కంపెనీ ఇవ్వలేదు.

టీఎక్స్‌లో బ్లూటూత్ ఉంది కదా, ఆ దారిన వెళ్లండి. విండోస్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో 'మోర్ బ్లూటూత్ సెట్టింగ్స్' తెరిచి, 'కామ్ పోర్ట్స్'లో ఒక 'ఇన్‌కమింగ్' పోర్టు చేర్చండి. దాని నంబర్ రాసి పెట్టుకోండి. తర్వాత పామ్‌నీ ల్యాప్‌టాప్‌నీ జత చెయ్యండి. పాస్‌కీ అడిగితే రెండు వైపులా ఒకటే కొట్టండి. గడియారం పక్కనున్న హాట్‌సింక్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి 'లోకల్ సీరియల్'కి టిక్ పెట్టండి, సెటప్‌లో ఆ పోర్టే ఎంచుకోండి. ఇక పామ్‌లో కొత్త కనెక్షన్: 'పీసీ'కి, 'బ్లూటూత్' ద్వారా. హాట్‌సింక్ తెర మీద 'మోడెమ్' కాకుండా 'లోకల్' ఉండాలి.

మొదటి సింక్‌కి ముందు ఒక పని తప్పనిసరిగా చెయ్యండి. హాట్‌సింక్ మెనూలో 'కస్టమ్' తెరిచి క్యాలెండర్, కాంటాక్ట్స్, మెమోస్, టాస్క్స్ ఒక్కొక్కటీ 'హ్యాండ్‌హెల్డ్ ఓవర్‌రైట్స్ డెస్క్‌టాప్'కి మార్చండి. మీ కొత్త డెస్క్‌టాప్ ఖాళీగా ఉంది, నాన్నగారి సమాచారమంతా పామ్‌లోనే ఉంది. ఎదురు దిక్కు ఎంచుకుంటే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. యూజర్ పేరు కూడా పామ్‌లో ఉన్నదే ఉండాలి.

మరొకరి జవాబు:
బ్లూటూత్ లేని టంగ్‌స్టన్ ఈ లాంటి పామ్‌లు ఉన్నవాళ్ల కోసం ఇది. పామ్ ఓఎస్ పరికరాలే తయారుచేసిన న్యూజిలాండ్ సంస్థ అసీకా 64-బిట్ యూఎస్‌బీ డ్రైవర్ తెచ్చింది. చాలా పామ్‌లకూ అది పని చేస్తుంది. నమ్మకమైన చోట దించుకుని, యాంటీవైరస్‌తో చూసుకున్నాకే వాడండి. ఇంకో సంగతి, హాట్‌సింక్ నొక్కిన కాసేపే పామ్ యూఎస్‌బీలో కనబడుతుంది. డివైస్ మేనేజర్ ముందే తెరిచి పెట్టుకుని, అప్పుడు నొక్కి, ఆ కాసేపట్లోనే డ్రైవర్ చూపించాలి. కనబడలేదని పామ్ పాడైందనుకోవద్దు.

టంగ్‌స్టన్ ఈలో ఛార్జి పూర్తిగా దిగితే మెమరీ ఖాళీ అవుతుంది. సింక్ అయ్యేదాకా ఛార్జర్ తియ్యకండి. టీఎక్స్‌కి ఆ భయం లేదు.

లినక్స్ తెలిసినవాళ్లకి పామ్ డెస్క్‌టాప్ లాంటి జె-పైలట్ ప్రోగ్రాం ఉంది. నా మటుకు అదే సుఖం. పోర్టు దగ్గర 'యూఎస్‌బీ:' అని ఇస్తే చాలు. కెర్నల్‌లోని విజర్ మాడ్యూల్ అడ్డొస్తే దాన్ని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
బ్లూటూత్ ద్వారా అయిందండీ! కాంటాక్టులు, తేదీలు అన్నీ వచ్చాయి. కేబుల్ కంటే నెమ్మదే, అయినా నాన్నగారి ముఖం వెలిగిపోయింది. వీటికి కాపీ ఎలా దాచాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు:
చాలా సంతోషమండీ. మీది పామ్ డెస్క్‌టాప్ 6.2 అయితే డాక్యుమెంట్స్‌లో 'పామ్ ఓఎస్ డెస్క్‌టాప్' ఫోల్డర్ ఉంటుంది, దాన్ని మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యండి. దానితోపాటు కాంటాక్టులన్నీ ఎంచుకుని వీకార్డ్ (కాంటాక్టులు దాచే ఫైలు రకం)గా ఎక్స్‌పోర్ట్ చెయ్యండి. ఆ ఫైలును ఏ ఫోనైనా చదువుతుంది. ఆయన పామ్‌లోనే రాసుకోనివ్వండి, నంబర్లు మాత్రం మీ ఫోన్‌లోనూ ఉండాలి.