శిబిప్రముఖులుం: ఆ 'ఉం' ఏం చెబుతోంది?

హనుమకొండ: మా అన్న కూతురు అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే శాట్ పరీక్షకు తయారవుతోంది. చదవడం, రాయడం కలిసిన భాగంలో 64 నిమిషాలకు 54 ప్రశ్నలు. కొన్నింటిలో చిన్న పేరా ఇచ్చి, వాక్యాల నడుమ ఖాళీ వదిలి, ఏ మాట అతుకుతుందో అడుగుతారు. హౌఎవర్, దేర్‌ఫోర్, మోరోవర్ వంటివి నాలుగు ఉంటాయి. పిల్ల నాలుగూ వరసగా చదివి, చెవికి ఇంపైనది పెట్టేస్తోంది. ఆ నాలుగింటినీ అరచేత్తో మూసి, రెండో వాక్యం మొదటిదాన్ని కాదంటోందా, దాని ఫలితం చెబుతోందా, దానికి ఇంకొకటి చేరుస్తోందా, ముందు నీ మాటల్లో చెప్పమన్నాను. ఉదాహరణగా పోతన భాగవతంలో, వామనుడికి దానం ఇవ్వద్దన్న శుక్రాచార్యుడికి బలి చక్రవర్తి చెప్పిన "కారే రాజులు?" పద్యం ఎత్తుకున్నాను. గర్వించిన రాజులకు పేరైనా మిగల్లేదు, కానీ కోరినవి ఇచ్చిన శిబి వంటివారిని ఎవరూ మరవలేదు అని దాని సారం. "భూమిపైఁ బేరైనం గలదే?" దగ్గర నోరు ఆగిపోయింది. తరువాత "శిబిప్రముఖుల్" అనా, "శిబిప్రముఖులుం" అనా? 'ఉం' ఉంటే అది 'కూడా' కదా! 'కానీ' రావలసిన చోట 'కూడా' ఎలా వచ్చింది? రెండు రోజులుగా ఇదే తొలుస్తోంది.

జనగామ: "శిబిప్రముఖుల్" అంటే ఒక అక్షరం తరుగుతుంది. ఈ పద్యం శార్దూలం, పాదానికి 19 అక్షరాలు ఉండాలి. వేళ్ల మీద లెక్కపెట్టండి, లుం పన్నెండోది, బ్రీ పదమూడోది, అక్కడే యతి, అంటే పాదం మొదటి అక్షరం బే-తో పొత్తు కుదరాల్సిన చోటు. కాబట్టి "శిబిప్రముఖులుం బ్రీతిన్".

పరకాల: పన్నెండో అక్షరం గురువు కావాలి, అందుకే సున్న వచ్చింది. అర్థం వెతకనక్కర్లేదు.

జనగామ: పరకాల గారూ, ఇది ఒప్పుకోలేను. "ప్రముఖులు" కళాంతం, అంటే చివర 'న్' లేని మాట. 'ఉన్' (ఇక్కడ 'ఉం'గా మారింది) చేరితే తప్ప ద్రుతం, అంటే ఆ చివరి 'న్', రాదు, ద్రుతం లేకపోతే ప్రీతి బ్రీతి కాదు. యతి కోసమూ కాదు, ప్రీ అన్నా, ప, బ ఒకే వర్గం కాబట్టి బే-కి వర్గయతి చెల్లుతుంది. పోతన ఆ 'ఉన్' కావాలని పెట్టాడు.

కరీంనగర్: నాకు తోచింది చెబుతాను. ఆ 'కూడా' పేరుకు అతకదు, మొదటి పాదంలోని రాజులకు అతుకుతుంది. "కారే రాజులు?" అని మొదలుపెట్టాడు కదా. శిబి మొదలైనవారు కూడా రాజులే, వారు అడిగినవారి కోర్కెలు తీర్చలేదా, వారిని ఇప్పటికీ ఎవరైనా మరిచారా అని. 'కానీ' అన్న మాట పద్యంలో ఎక్కడా లేదు. "పేరైనం గలదే?"కూ "వారలన్ మఱచిరే?"కూ మధ్య దాన్ని మనమే వింటున్నాం.

పరకాల: పోతనదే "ఇమ్మనుజేశ్వరాధముల" పద్యంలో "పురంబులు వాహనంబులున్ సొమ్ములుఁ గొన్ని పుచ్చుకొని" అన్నచోట 'ఉన్' వరసగా చేర్చడానికి వచ్చింది. ఇక్కడ ఒంటరిగా ఉంది. ఒంటరి 'ఉన్' అంటే 'సైతం'. అంతటి శిబి సైతం ఇచ్చాడు, నేనెంత అని బలి వినయం.

నర్సంపేట: ఆ పద్యం తలపించారు కాబట్టి ఒక్క మాట. బమ్మెరలో పోతన దున్నిన పొలమని చూపిస్తారు. ఆ గట్టు మీద నిలబడి "ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి" అని మా నాన్నగారు చదివితే, పక్క చేలో నాట్లు వేస్తున్న ఆమె నడుము ఎత్తి మిగతా మూడు పాదాలూ పూర్తిచేసింది. గజేంద్రుడి "కలఁ డందురు" చూడండి. మూడుసార్లు ఉన్నాడంటారు అని, నాలుగోసారి "కలఁడో లేఁడో". అక్కడా 'కానీ' లేదు.

మంథని: పిల్లల తప్పుకు మన 'అయితే' కూడా కారణం. "బస్సు వెళ్లిపోయింది, అయితే ఆటోలో రా" అంటే అందువల్ల అని. "బస్సు వెళ్లిపోయింది, అయితే వాడు వేళకే వచ్చాడు" అంటే అయినా అని. ఇంగ్లీషులో ఈ రెంటికీ వేర్వేరు మాటలు. తెలుగులో 'అయితే' అనుకుని అక్కడికి వెళితే దేర్‌ఫోర్, హౌఎవర్ రెండూ సరిగ్గానే వినిపిస్తాయి.

హనుమకొండ: మంథని గారు చెప్పింది నిన్న కళ్లారా చూశాను. రామప్ప మీద నేనే ఒక ప్రశ్న రాసిచ్చాను: "గోపురం ఇటుకలు నీటిలో తేలేంత తేలికైనవి. ___ 1213 నాటి గుడి నేటికీ నిలిచింది." తను 'అయినా' పెట్టింది. తేలిక అంటే బలహీనం అనుకుంది. నేను 'అందుకే' అనుకుని రాశాను, పైబరువు తగ్గింది కాబట్టి. పేరాలో బరువు మాట నేను రాయలేదు. "బాబాయ్, అది రాయకుండా నన్ను తప్పంటే ఎలా?" అంది. నిజమే, ప్రశ్న మార్చాను.

కరీంనగర్: అదే శిబి దగ్గరా జరుగుతోంది. 'ఉం' దేనికి అతుకుతుందో తేలితే గాని ఏ మాట పెట్టాలో తేలదు.

పరకాల: 'సైతం' అన్నానుగా.

జనగామ: 'సైతం' అయితే శిబి ఇవ్వడం ఆశ్చర్యం కావాలి. శిబి ఇవ్వడంలో ఆశ్చర్యమేముంది, పరకాల గారూ? ఇవ్వద్దన్నది శుక్రుడు. అదే పాదం చివర "యశఃకాములై" చూడండి, నా అనుమానం ఇప్పుడు దాని మీదికి మళ్లింది. పేరు కోరి ఇచ్చారని బలి మెచ్చుకుంటున్నాడా?