కొలోన్ కెథడ్రల్‌ను మధ్యయుగపు చర్చి అనొచ్చా?

రైన్‌గట్టు: మొన్న అమ్మానాన్నలకు జర్మనీలోని కొలోన్ చూపించాను. రైల్వే స్టేషన్ బయటికి రాగానే కెథడ్రల్ మీద పడేలా నిలబడి ఉంటుంది. బాల యేసును చూడ్డానికి వచ్చారని చెప్పే ముగ్గురు జ్ఞానులవని నమ్మే అస్థికలను 1164లో మిలాన్ నుంచి తెచ్చారు. వాటికి తగ్గ గుడి కావాలని 1248లో ఇది మొదలుపెట్టారు. ఆ బంగారు పేటిక ఇంకా లోపలే ఉంది. దాని ముందు చెప్పులు విడవాలా అని నాన్న అడిగారు. దాదాపు ఎనిమిది వందల ఏళ్ల కట్టడం చూశామన్న తృప్తి మిగిలింది.

పాతరాయి: ఎనిమిది వందల ఏళ్లా? మీ ఫొటోలోని రెండు శిఖరాలూ పూర్తయింది 1880లో. పదహారో శతాబ్దంలో ఆగిన పని 1842లో మళ్లీ మొదలైంది. పైకప్పును మోసేవి ఇనుప దూలాలు. ఇనుప దూలాల మధ్యయుగం ఎక్కడిదండీ?

కృష్ణాతీరం: శిఖరం ఎక్కడానికి 533 మెట్లు. మోకాళ్లు జాగ్రత్త.

రైన్‌గట్టు: తూర్పున ఉన్న గర్భగుడి లాంటి భాగాన్ని 1322లోనే ప్రతిష్ఠించారు. దక్షిణపు శిఖరం సగంలో ఆగితే, దాని మీది చెక్క క్రేన్ వందల ఏళ్లు అక్కడే ఉండిపోయింది. పడమటి ముఖం కోసం మధ్యయుగంలో తోలు మీద గీసిన నక్షా 1814లో ఒక ముక్క, 1816లో ఇంకో ముక్క దొరికింది. అది చూసుకునే మిగతాది కట్టారు.

పాతరాయి: నేనడిగింది నక్షా గురించి కాదు. 1880 అవునా, కాదా?

రైన్‌గట్టు: అవును. అయితే ఏంటి?

మట్టిదీపం: శ్రీకాళహస్తిలో రాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010లో కూలింది కదా. 2017లో కొత్తది నిలబెట్టారు. మా అమ్మమ్మ మాత్రం ఇంకా రాయల గోపురమనే అంటుంది.

పాతరాయి: అమ్మమ్మ అంటే సరిపోతుందా? మట్టిదీపం గారూ, మీరు మధ్యలోకి రాకండి. రైన్‌గట్టు గారూ, ఏంటో చెప్తాను వినండి. నిరుడు మా ఊరి శివాలయం కొత్తగా కట్టామని ఇక్కడ ఫొటో పెడితే, "సిమెంటు గుడి, టైల్స్ దేవుడు" అని నవ్వింది మీరే. దానికి మా నాన్న పొలం అమ్మి డబ్బిచ్చాడు. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్లు కట్టుకుంటే చరిత్ర, మేం కట్టుకుంటే నవ్వులాటా?

రైన్‌గట్టు: ఆ మాట తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ వాళ్లు ఆగిపోయినదాన్ని పూర్తి చేశారు. మీరు నిలబడి ఉన్న రాతి మండపాన్ని పడగొట్టారు. రెండూ ఒకటెలా అవుతాయి?

పాతరాయి: నిలబడి ఉందని మీకెవరు చెప్పారు? వానొస్తే పూజారి గొడుగు కింద హారతి ఇచ్చేవాడు. బాగుచేయించమని ఆఫీసుల చుట్టూ ఎన్నేళ్లు తిరిగామో మీకేం తెలుసు?

కృష్ణాతీరం: ఇద్దరూ కాస్త మంచినీళ్లు తాగండి.

మట్టిదీపం: పాతరాయి గారూ, పాత మండపం ఫొటోలు, కొలతలు ఏమైనా ఉన్నాయా?

పాతరాయి: లేవమ్మా. పడగొట్టేరోజు పొద్దున తీద్దామనుకున్నాం. మేం వెళ్లేసరికే జేసీబీ వచ్చేసింది.