చెరువు దగ్గర ఓడల పోరు: మన మొదటి ఓడకి బడ్జెట్ ఎలా వేద్దాం

అందరికీ నమస్కారం. పిల్లల కార్యక్రమంలో రిమోట్ కంట్రోల్ యుద్ధనౌకల పోరు పెడదామని మీటింగులో అనుకున్నాం కదా, లెక్క రాసే పని నాకు అప్పగించారు. కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. అసలు ఓడని 144వ వంతు సైజులో కడతారు, పక్కలకి ఒక మిల్లీమీటరు కూడా లేని బాల్సా చెక్క అతికిస్తారు, సీఓటూ గ్యాసుతో పనిచేసే బుల్లి ఫిరంగి 4.5 మిల్లీమీటర్ల గుళ్ళు కొడుతుంది, చిల్లు పడితే నీళ్ళెక్కి ఓడ నిజంగానే మునుగుతుంది. పైకి తీసి, అతుకులేసి, మళ్ళీ దింపుతారు. కాబట్టి మునగడానికీ తేలడానికీ రెండింటికీ డబ్బు పక్కన పెట్టాలి.

ముందు ఏ ఓడ అన్నది తేలాలి. కుర్రాళ్ళు రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ అంటున్నారు, కానీ అది మోడల్లో 1.74 మీటర్ల పొడవు, బరువు 16 కిలోలు దాటుతుంది, ఇద్దరు పట్టుకుంటే తప్ప ఒడ్డు దిగదు. నాకు మాత్రం ఎకిలీస్ అనే చిన్న యుద్ధనౌక మీద ప్రాణం. 1939 డిసెంబర్‌లో దక్షిణ అమెరికా తీరంలో జరిగిన రివర్ ప్లేట్ యుద్ధంలో పోరాడి, 1948లో మన నౌకాదళానికి వచ్చి ఢిల్లీ అయింది కదా, పిల్లలకి ఆ కథ చెప్తూ ఓడ నడిపితే ఎంత బాగుంటుందో. కానీ మోడల్లో దాని వెడల్పు 12 సెంటీమీటర్లే, మొత్తం బరువు మూడు కిలోల పైచిలుకు, అంతలోనే బ్యాటరీ, గ్యాస్ సిలిండర్, లోపలికొచ్చిన నీళ్ళు తోడే పంపు, ఫిరంగి అన్నీ ఇరికించాలి. మొదటిసారి కట్టేవాళ్ళకి అది చాలా కష్టం. అందుకే 1906 నాటి బ్రిటిష్ యుద్ధనౌక డ్రెడ్‌నాట్ కడదామంటున్నాను. పొడవు దాదాపు ఎకిలీస్ అంతే, 1.12 మీటర్లు, కానీ వెడల్పు 17 సెంటీమీటర్లు, బరువు ఆరు కిలోల దాకా వెళ్ళొచ్చు. లోపల చెయ్యి పెట్టి పనిచేసుకోవచ్చు. ఢిల్లీని రెండో ఓడగా కడదాం, దాన్ని మాత్రం మర్చిపోకండి.

ఇక డబ్బు సంగతి. రిమోట్, ఛార్జర్, గ్యాస్ సిలిండర్, గ్యాస్ ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్, పనిముట్లు, కళ్ళద్దాలు ఒకసారి కొంటే తర్వాతి ఓడకీ పనికొస్తాయి, అందుకని వీటిని ఈ ఓడ ఖాతాలో కాకుండా సంఘం ఆస్తి కింద రాద్దాం. ఓడ ఖర్చు అంటే హల్ (ఓడ ఒళ్ళు), మోటార్లు, చుక్కాని, దాన్ని తిప్పే సర్వోలు, మోటార్ల వేగం మార్చే స్పీడ్ కంట్రోలర్, బ్యాటరీ, పంపు, ఫిరంగి. చాలామంది అసలు రాయనిది మూడోది, బాల్సా, జిగురు, రంగు, గుళ్ళు, గ్యాస్ నింపడం, అంటే పోరు జరిగిన ప్రతిసారీ కరిగిపోయేవి. ఇవన్నీ వేశాక మొత్తంలో నాలుగో వంతు ముట్టుకోకుండా ఉంచమని కమిటీని గట్టిగా అడుగుతున్నాను.

ఎందుకంటే నా మొదటి ఓడకి నేను ముందు ఫిరంగి కొన్నాను. డబ్బు అక్కడే అయిపోయింది, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌ని, స్పీడ్ కంట్రోలర్‌ని మామూలు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి టేపు చుట్టాను. ఒక్క గుండు కూడా తగలకుండానే ప్రొపెల్లర్ గొట్టం పక్క నుంచి నీళ్ళు ఊరి, వెనక భాగం కుంగి, కళ్ళముందే ఓడ మునిగింది. మునిగిన చోటు చూపించే తేలియాడే గుర్తు కూడా కట్టలేదు, సాయంత్రం దాకా గాలంతో వెతికాం. డబ్బా మూత తీస్తే స్పీడ్ కంట్రోలర్ మీద రాగి తీగలు అప్పటికే పచ్చబడ్డాయి. ఆ రోజు పడ్డ బాధ మన పిల్లలు పడకూడదు.

కోశాధికారి: బాగా రాశారండీ. ఫిరంగి ఈసారికి వాయిదా వేస్తే కుదురుతుందా?

కుదురుతుందండీ, అదే మంచిది కూడా. దాని బరువుకి సరిపడా సీసం ముక్కలు లోపల పెట్టి ముందు నడపడం నేర్చుకుందాం. దగ్గర్లో ఉన్న మోడల్ క్లబ్బు వాళ్ళని పిలిస్తే కాల్చే ఓడలు వాళ్ళే తెస్తారు, మనది దెబ్బలు తిని పంపు ఎంతసేపు నిలబెడుతుందో చూపిస్తుంది. ఆట అయ్యాక ఓడ పక్కన పిల్లల్ని కూర్చోబెట్టి చిల్లులు లెక్కపెట్టిద్దాం, నీటిగీతకి కింద పడిన చిల్లుకే ఎక్కువ పాయింట్లు కాబట్టి వాళ్ళు ఒక్కోదాన్నీ వేలితో తడిమి మరీ చూస్తారు.

పిల్లల కార్యక్రమం చూసే అక్క: కళ్ళద్దాలు ఎన్ని తేవాలి?

గుండు వెళ్ళే దూరంలో ఒడ్డున నిలబడే ప్రతి ఒక్కరికీ అక్కా, ఎత్తుకున్న పసిపిల్లలతో సహా. సరిపడా లేకపోతే జనాన్ని తాడు వెనక్కి, దూరంగా పంపాలి, ఈ విషయంలో సర్దుబాటు వద్దు. బడ్జెట్లో మొదటి పద్దు అదే రాశాను. చెరువు వాళ్ళ అనుమతి, సంఘం ఇన్సూరెన్స్‌లో గుళ్ళు కాల్చే ఆట కవర్ అవుతుందా అన్నది, రెండూ రాతపూర్వకంగా తీసుకున్నాకే హల్ ఆర్డర్ పెడదాం. ఆ రెండు ఉత్తరాలు ఎవరు రాస్తారో ఈ ఆదివారం లోపు ఇక్కడే చెప్పండి, బాల్సా కోసి అతికించడానికి నాకు ఇంకో ఇద్దరు కావాలి.