"నాకు లెక్కలు రావు" అనే పిల్లలు: మీ ఇంట్లో ఏం పనిచేసింది?

పటమట_నాన్న

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఆరో తరగతి దాకా లెక్కలతో ఏ గొడవా లేదు. ఏడులో స్కూల్ మార్చాం. ఇక్కడ ప్రతి వారం టెస్టు, మార్కుల్ని బట్టి సెక్షన్, సెక్షన్‌ని బట్టి సారు. కింది సెక్షన్‌కి దించిన దగ్గర్నుంచి "నాకు లెక్కలు రావు నాన్నా" అన్నది ఊతపదమైపోయింది. విచిత్రమేంటంటే సైన్సులో వేగం, సాంద్రత లెక్కలు చకచకా చేసేస్తోంది, అవి లెక్కలే కానట్టు! "నీకు వస్తుందమ్మా, నువ్వు తెలివైనదానివి" అంటే ఇంకా చిరాకు. ట్యూషన్ పెట్టించాలా, స్కూల్‌కెళ్లి సెక్షన్ గురించి గట్టిగా అడగాలా, కొన్నాళ్లు వదిలేయాలా తేలట్లేదు. విజయవాడ, గుంటూరు వైపు ఇది దాటినవాళ్లుంటే మీ ఇంట్లో ఏం జరిగిందో రాయండి. సలహాలు ఇప్పటికే బంధువుల దగ్గర బోలెడన్ని వచ్చాయి.

బ్రాడీపేట_అక్క

మా వాడిది ఇదే కథ, కాకపోతే గుంటూరు. ఆ "తెలివైనవాడివి" అనే మాట ఎందుకు ఎక్కదో నాకు తర్వాత అర్థమైంది. తెలివి ఉంటే లెక్క రావాలి కదా, రాలేదు, అంటే అమ్మ అబద్ధం చెప్తోంది, లేదా నేను తెలివైనవాణ్ని కాదు. వాడికి ఈ రెండే దారులు.

మాకు పనిచేసింది చాలా చిన్న విషయం. లక్ష్మీపురంలో ట్యూషన్‌కి వెళ్తే అక్కడి మేడమ్ మొదటి వారమంతా ఎనిమిదో తరగతి పుస్తకమే తెరవలేదు. అయిదో తరగతి భిన్నాలు ఇచ్చింది. ఫీజు కట్టి అయిదో తరగతి లెక్కలేంటని మా ఆయన గొణిగాడు. చూస్తే మావాడు 1/2 + 1/3 ని 2/5 అని వేస్తున్నాడు, పైవి పైవి, కిందవి కిందవి కూడేసి. మేడమ్ అది తప్పు అనలేదు. "అర గ్లాసు మజ్జిగకి ఇంకొంచెం కలిపితే అరకన్నా తగ్గిపోయిందేంట్రా?" అంది. 2/5 అంటే అరకన్నా తక్కువే కదా. వాడు నవ్వాడు. లెక్కల పుస్తకం ముందు వాడు నవ్వడం నేను చూసి చాలా కాలమైంది.

అక్కణ్నుంచి క.సా.గు., భిన్నాలు, తర్వాత సమీకరణాలు. మూలం అయిదో తరగతిలో పెట్టుకుని ఎనిమిదిలో వెతుకుతున్నాం మేమందరం.

గవర్నర్‌పేట_పెద్దాయన

మా రోజుల్లో ఈ ఆత్మవిశ్వాసాలూ అవీ లేవు. ఇరవై దాకా ఎక్కాలు, తప్పు చెప్తే గోడకుర్చీ. అయినా మా బ్యాచ్‌లో ఇంజనీర్లు, ఆడిటర్లు, బ్యాంకు మేనేజర్లు ఎంతమంది లేరు! ఇప్పుడు పిల్లాడికి తొమ్మిదో ఎక్కం రాదు గానీ నమ్మకం కావాలంట. ముందు ఎక్కాలు నేర్పండి, నమ్మకం దానంతటదే వస్తుంది.

సెకండియర్_ఎంపీసీ

పెద్దాయన గారూ, గోడకుర్చీ వేసిన వాళ్లలో ఎంతమంది పదో తరగతి లెక్కల దగ్గర ఆగిపోయారో కూడా చెప్పండి సార్, వాళ్లు ఆడిటర్ల బ్యాచ్ ఫొటోలో ఉండరు.

@పటమట_నాన్న, నేను హాస్టల్‌లో చదువుతున్నా. కాలేజీ పేరు వద్దులెండి. కింది సెక్షన్ లోపల ఎలా ఉంటుందో చెప్తా, మీ పాప ఇంట్లో చెప్పకపోవచ్చు కాబట్టి. పై సెక్షన్‌కి మంచి సీనియర్ లెక్చరర్లు వెళ్తారు. మాకు వచ్చేవాళ్లు నెలకొకరు మారుతుంటారు. పై సెక్షన్‌లో ఒక లెక్కని మూడు రకాలుగా చేయిస్తే మా దగ్గర "ఇది ఇంపార్టెంట్, రాసుకోండి" అంతే. తర్వాత టెస్టులో మాకు తక్కువొస్తే, చూశారా వీళ్లింతే అంటారు. నమ్మకం పోవడానికి ముందు పాఠం చెప్పడమే పోయింది కదా, దాన్ని ఎవరూ లెక్కేయరు.

ఇంకోటి. ఎంసెట్, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. ప్రశ్నకి నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. మైనస్ మార్కులు లేవు. అందుకని ఇంటర్ మొదటి రోజు నుంచే షార్ట్‌కట్‌లు, ఆప్షన్లలోంచి వెనక్కి రావడం, ఎక్స్ బదులు ఒకటి పెట్టి చూడడం. ర్యాంకుకి పనికొస్తాయి, కాదనను. కానీ ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే చేతులు పడిపోతాయి. అప్పుడు "నేను ఇది నేర్చుకోలేదు" అని అనిపించదు. "నాకు బుర్ర లేదు" అనే అనిపిస్తుంది.

ఒక్క సారు మాత్రం వేరు. ఒకరోజు ఎవరో అడిగిన సమాకలనం (ఇంటిగ్రేషన్) లెక్క బోర్డు మీద మొదలుపెట్టి ఇరుక్కుపోయాడు. తుడిచాడు, మళ్లీ మొదలెట్టాడు, "ఈ దారి పోదురా, ఎందుకు పోదంటే..." అంటూ పైకే ఆలోచించాడు. బెల్ కొట్టే టైమ్‌కి తేల్చాడు. మిగతా సార్లంతా జవాబు ముందే తెలిసి చకచకా రాస్తారు, అది చూస్తే మనకి ఎప్పటికీ రాదనిపిస్తుంది. ఆయన్ని చూశాక ఇరుక్కోవడం మామూలేనని అనిపించింది.

సుద్దముక్క

నేను గుంటూరు జిల్లాలో జడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మనం తరచూ నమ్మకాన్నీ బోధననీ రెండు వేరు వేరు డబ్బాల్లో పెడతాం. పిల్లకి ధైర్యం చెప్పే పని తల్లిదండ్రులది, లెక్క చెప్పే పని మాస్టారిది అన్నట్టు. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో స్వీయసామర్థ్య నమ్మకం, అంటే "ఇది నేను చేయగలను" అన్న నమ్మకం గురించి రాసినప్పుడు అది నాలుగు చోట్ల నుంచి వస్తుందన్నాడు. తను స్వయంగా చేసి గెలవడం, తనలాంటివాళ్లు చేయడం చూడడం, ఇతరులు ప్రోత్సహించడం, ఆ సమయంలో ఒంట్లో కలిగే కంగారు లేదా నెమ్మది. అన్నిటికన్నా బలమైంది మొదటిది. మనం ఇళ్లల్లో వాడేది మూడోది. @పటమట_నాన్న గారూ, మీ మాట పనిచేయకపోవడంలో వింతేం లేదు. @సెకండియర్ బాబు చెప్పిన ఇరుక్కుపోయిన సారు రెండోది.

"నేర్చుకుంటే తెలివి పెరుగుతుంది" అని పిల్లలకి చెప్పే పాఠాలు ఈ మధ్య స్కూళ్లలో బాగా వచ్చాయి, గోడల మీద పోస్టర్లు కూడా. అమెరికాలో తొమ్మిదో తరగతి పిల్లలు సుమారు 12,000 మందిపై చేసిన పెద్ద అధ్యయనం 2019లో నేచర్ పత్రికలో వచ్చింది. గంటలోపు ఆన్‌లైన్ పాఠం. వెనకబడిన పిల్లల గ్రేడు సగటు 4 పాయింట్ల స్కేలు మీద 0.1 పెరిగింది. లాభం ఉంది, కానీ చిన్నది. అదే పరిశోధకులు తర్వాత చూసిందేమిటంటే, లెక్కల టీచర్‌కి కూడా పిల్లలు ఎదుగుతారన్న నమ్మకం ఉన్న తరగతుల్లోనే అది లెక్కల మార్కుల్లో కనబడింది. పోస్టర్ అంటించి "నీకు రాదులే, కూర్చో" అంటే ఏం లాభం?

కొత్త పద్ధతి అనగానే అన్నీ పిల్లలే కనిపెట్టాలి అనేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. బీజగణితం మొదలెట్టే పిల్లకి పదిహేను లెక్కలిచ్చి చెయ్యమంటే బుర్రంతా వెతుకులాటకే పోతుంది. పూర్తిగా చేసి చూపిన లెక్కలు చదివి, వెంటనే అలాంటిదొకటి చేస్తే తొలి దశలో బాగా ఎక్కుతుందని స్వెల్లర్, కూపర్ అనే పరిశోధకులు 1985లోనే బీజగణితం మీద చూపించారు. నేను చేసేది కూడా ఇదే. 2ఎక్స్ + 5 = 17 మొత్తం చేసి చూపిస్తా. తర్వాతి లెక్కలో ఆఖరి మెట్టు ఖాళీ వదులుతా. ఆ తర్వాత రెండు మెట్లు. చివరికి లెక్క మొత్తం వాళ్లదే. వెనక బెంచీ పిల్ల కూడా మొదటి పది నిమిషాల్లో ఏదో ఒకటి సొంతంగా ముగిస్తుంది. "ప్లస్ అటుపక్కకి పోతే మైనస్ అవుతుంది" అని మాత్రం చెప్పను. రెండు వైపులా 5 తీసేశాం అంటాను. గుర్తు ఎగిరి అవతలకి దూకడం మంత్రం లాంటిది, మంత్రం మర్చిపోతే పిల్ల దగ్గర ఇంకేమీ మిగలదు.

పెద్దాయన గారు ఎక్కాల గురించి అన్నది సగం కరెక్టు. మనసులో ఒకసారి పట్టే విషయాలు తక్కువ. 7 × 8 కోసం వేళ్లు లెక్కపెట్టుకునే పిల్లకి సమీకరణం మీద పెట్టడానికి జాగా మిగలదు. భయం కూడా అదే జాగాని తినేస్తుంది. గోడకుర్చీతో ఎక్కాలు నేర్పితే ఒక చేత్తో జాగా ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టే.

ఈ భయం మన ఊరికే ప్రత్యేకం కాదు. పీసా అని 15 ఏళ్ల పిల్లల చదువు మీద చాలా దేశాల్లో చేసే సర్వే ఉంది. 2012లో అందులో ఓఈసీడీ కూటమి దేశాల పిల్లల్లో 59 శాతం మంది లెక్కల క్లాసులు కష్టంగా ఉంటాయేమోనని తరచూ బెంగపడతామన్నారు. మన ఎన్‌సీఈఆర్‌టీ కూడా 2005 పాఠ్యప్రణాళిక చట్రం సమయంలో గణిత బోధనపై వేసిన బృందం పత్రంలో ఎక్కువమంది పిల్లల్లో ఉన్న భయం, ఓటమి భావననే ముఖ్య సమస్యల్లో మొదట పెట్టింది.

మిర్చియార్డ్_కుర్రాడు

టీచర్ గారూ నమస్తే. నేను పదిలో లెక్కలు తప్పి సప్లిమెంటరీలో గట్టెక్కాను. ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్లో గుమాస్తా. క్వింటా 14,500 పలికితే 43 కిలోల టిక్కీ (బస్తా) ఎంత? కిలో 145, నలభై కిలోలకి 5,800, మూడు కిలోలకి 435, మొత్తం 6,235. రైతు ఎదురుగా నిలబడి ఉంటాడు, కాలిక్యులేటర్ తీసేలోపు నోటికి వచ్చేస్తుంది. ఇదే లెక్కని పరీక్షలో "ఒక వ్యాపారి" అని ఇస్తే నా చెయ్యి వణికేది. నాకు లెక్కలు రావని స్కూల్లో అందరూ అనేవాళ్లు, నేనూ అనేవాణ్ని. ఇప్పటికీ కొట్లో చేసేది లెక్క అని నాకు అనిపించదు, అదేదో బేరం అనిపిస్తుంది.

సుద్దముక్క

బాబూ, నువ్వు చెప్పినదాని మీదే 2025లో నేచర్‌లో ఒక పరిశోధన వచ్చింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో వాళ్ల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మే పిల్లల్ని చూసింది. బేరంలో పెద్ద లెక్కలు నోటితో చేసేవాళ్లు, అవే అంకెలు బడి లెక్కలా కాగితం మీద ఇస్తే చాలామంది చేయలేకపోయారు. బడి పిల్లలు దానికి తలకిందులు, కాగితం మీద పర్లేదు, బజారు లెక్క దగ్గర తడబడ్డారు. రెండింటికీ మధ్య వంతెన మేం వేయట్లేదు. నువ్వు 43ని నలభై, మూడు అని విడగొట్టావే, దాన్నే మేం విభాగ న్యాయం అని బోర్డు మీద రాసి పిల్లల్ని బెదరగొడతాం.

మిర్చియార్డ్_కుర్రాడు

అదా విభాగ న్యాయం!! ఆ పేరు వింటేనే చెమటలు పట్టేవి మేడమ్.

బ్రాడీపేట_అక్క

ఒక మాట, కొంచెం చేదుగా ఉంటుంది. మా ఇంట్లో "నాకూ లెక్కలు వచ్చేవి కావు, మా వంశమే అంత" అని నవ్వుతూ అనేది నేనే. ఆడపిల్లల ఇళ్లల్లో అయితే "దానికి బైపీసీ పెట్టేద్దాంలే" అని ఏడో క్లాసులోనే అనేస్తారు. నాన్న గారూ, మీ ఇంట్లో ఎవరైనా అంటున్నారేమో చూసుకోండి.

సుద్దముక్క

అక్కగారు చెప్పింది టీచర్లకి కూడా వర్తిస్తుంది. అమెరికాలో ఒకటి, రెండు తరగతుల మీద 2010లో వచ్చిన అధ్యయనంలో, లెక్కలంటే బెంగ ఎక్కువున్న మహిళా టీచర్ల దగ్గర చదివిన ఆడపిల్లలు ఏడాది చివరికి లెక్కల్లో వెనకబడ్డారు. అబ్బాయిల్లో అది కనిపించలేదు. పిల్లలు మన మొహం కూడా చదువుతారు.

గవర్నర్‌పేట_పెద్దాయన

సరే, గోడకుర్చీ వెనక్కి తీసుకుంటా. ఎక్కాలు మాత్రం వదలను. మనవడితో రోజూ సాయంత్రం బ్యారేజీ వైపు నడుస్తూ అప్పజెప్పించుకుంటా, తప్పు చెప్తే నేనే సరిచేసి ముందుకు పోతాం. వాడు నన్నూ అడుగుతాడు, పదిహేడో ఎక్కంలో నేనే దొరికిపోతుంటా, వాడికి అదొక సరదా.

పటమట_నాన్న

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి టెస్టు పేపర్లు ముందేసుకుని మార్కులు చూడకుండా తప్పులు మాత్రమే చూశాం. సగం పైన ఒకే తప్పు! మైనస్ పక్కన బ్రాకెట్ ఉంటే లోపలి రెండో గుర్తు మార్చదు. 5 − (ఎక్స్ − 3) ని 5 − ఎక్స్ − 3 అని రాసేస్తోంది. "అంటే నాకు రానిది ఇదొక్కటేనా?" అంది, కాస్త అనుమానంగానే. దీన్ని ఎలా చెప్పాలి మేడమ్? "మైనస్ ఉంటే గుర్తులు మార్చు" అని మళ్లీ మంత్రం చెప్పబుద్ధి కావట్లేదు. సెక్షన్ విషయం ఏం అడగమంటారు?

సుద్దముక్క

చేతిలో 500 ఉన్నాయి, కొట్టువాడికి 100 ఇవ్వాలి, అతను 3 రూపాయలు తగ్గించాడు. ఎంత మిగిలిందో ఆ పిల్లనే అడగండి. 403 అంటుంది. ఇప్పుడు అది 500 − (100 − 3) అని రాయించండి. 100 ఇచ్చేస్తే 3 వెనక్కి వస్తాయి, అందుకే 500 − 100 + 3. తన పద్ధతిలో 500 − 100 − 3 చేస్తే 397, అంటే తగ్గింపు ఇచ్చినవాడికే ఇంకో మూడు రూపాయలు ఎదురిచ్చినట్టు. అంకెలతో నాలుగైదు చేశాక ఎక్స్ పెట్టండి, ముందే పెట్టొద్దు.

స్కూల్‌కి వెళ్తే పై సెక్షన్‌లో వేయమని అడగకండి, ఎలాగూ వేయరు, వేసినా వచ్చే వారం మళ్లీ దించుతారు. దిద్దిన పేపర్ ఇంటికి ఇవ్వమనండి, తప్పు చేసిన లెక్కల్ని మళ్లీ చేసి చూపించే అవకాశం ఇవ్వమనండి. అక్కడ కూడా కింది సెక్షన్‌కి సారు మాటిమాటికీ మారుతుంటే ఎందుకో అడగండి. ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రుల్ని తోడు తీసుకెళ్తే జవాబు వస్తుంది.

సెకండియర్_ఎంపీసీ

నాన్న గారూ, ఆ చివరి ప్రశ్నకి వాళ్లు ఏం చెప్పారో ఇక్కడ రాయండి. నాకూ కావాలి.