పాత లారీ: ఇంజన్ వేడెక్కాక ఆల్టర్నేటర్ చార్జింగ్ పడిపోతోంది

మాది 24 వోల్టుల పాత లారీ, 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి ఉన్నాయి; ఇంజన్‌తో తిరిగే ఆల్టర్నేటర్ వాటిని చార్జ్ చేస్తుంది. పొద్దున చల్లగా స్టార్ట్ చేస్తే బ్యాటరీల దగ్గర 28.1 వోల్టులు చూపిస్తుంది. హెడ్‌లైట్లు వేసినా 27.8 కంటే కిందికి దిగదు. సరిగ్గా 40 నిమిషాలు నడిచాక చార్జింగ్ లైటు మసకగా వెలుగుతుంది, వోల్టేజ్ మెల్లగా 24.9కి దిగిపోతుంది. ఇంజన్ ఆపి గంట చల్లారనిస్తే మళ్లీ 28.1. రాత్రి ప్రయాణమంటే టెన్షన్‌గా ఉంటోంది.

బ్యాటరీలు రెండూ కొత్తవి వేశాను. బెల్టు మార్చి బిగించాను, వేడి మీద కూడా జారడం లేదు. ఆల్టర్నేటర్ కార్బన్ బ్రష్‌లు, వోల్టేజ్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ కొత్తవే. ఎర్త్ కేబుల్ విప్పి గీకి మళ్లీ బిగించాను. లోపం వచ్చినప్పుడే కొలిస్తే ఆల్టర్నేటర్ మెయిన్ టెర్మినల్ నుంచి బ్యాటరీ ప్లస్ వరకు 0.2 వోల్టులే తేడా, ఎర్త్ వైపు 0.1. కాబట్టి కేబుళ్ల మీద నాకు అనుమానం లేదు. ఆల్టర్నేటర్‌ను బెంచ్ మీద పరీక్షించిన మెకానిక్ బాగానే ఉందన్నారు, కానీ అప్పుడు అది చల్లగా ఉంది.

రోటర్ వైండింగ్ (లోపల తిరిగే తీగచుట్ట) వేడికి తెగుతోందా, డయోడ్ (కరెంటును ఒకే వైపు పంపే భాగం) పోతోందా అన్నది ఆల్టర్నేటర్ విప్పకుండా, వేడి మీదే తేల్చాలంటే మల్టీమీటర్‌తో ఎక్కడ ఏం కొలవాలి?