పదవీ విరమణ సొమ్ము: ఏ నష్టాన్ని తట్టుకోవచ్చు, దేన్ని తట్టుకోలేము?

గౌతమీతీరం (ప్రశ్న):

మా నాన్నగారు ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేసి, 62 ఏళ్లు నిండి ఇటీవలే పదవీ విరమణ చేశారు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగానికి బదులు ఒకేసారి తీసుకున్న మొత్తం), జీపీఎఫ్ (ఉద్యోగంలో ఉండగా దాచిన భవిష్య నిధి), సెలవుల నగదు అన్నీ కలిపి సుమారు 45 లక్షల రూపాయలు ప్రస్తుతం ఒకే బ్యాంకులో పొదుపు ఖాతాలో ఉన్నాయి. పాత పద్ధతిలో పింఛను వస్తుంది కాబట్టి ఇంటి ఖర్చులకు ఇబ్బంది లేదు. రెండేళ్లలో చెల్లెలి పెళ్లి చేయాలి, అందుకు 12 లక్షలు పక్కన పెట్టాలని అనుకుంటున్నాము.

మిగిలిన సొమ్ము విషయంలో ఇంట్లో ఏకాభిప్రాయం కుదరడం లేదు. ఊళ్లో ఏళ్ల తరబడి పరిచయమున్న ఒక వ్యాపారి నూటికి రెండు రూపాయల వడ్డీకి 20 లక్షలు అడుగుతున్నారు, ప్రామిసరీ నోటు రాసిస్తారట. మా బావగారు సొమ్మంతా షేర్లలో పెట్టమంటున్నారు. బ్యాంకులో ఒక అధికారి యూనిట్ లింక్డ్ పాలసీ (కట్టిన సొమ్ములో కొంత మార్కెట్ పెట్టుబడుల్లోకి వెళ్లే జీవిత బీమా) తీసుకోమని పదే పదే ఫోన్ చేస్తున్నారు. షేర్లంటే జూదమనీ, తెలిసినవాడి నోటే భద్రమనీ నాన్నగారి నమ్మకం. ఈ మూడింటిలో ఉన్న రిస్కును ఏ కొలతతో పోల్చి చూడాలో అనుభవజ్ఞులు వివరించగలరా?

పద్దుపుస్తకం:

గౌతమీతీరం గారూ, ముందుగా రెండు విషయాలను విడదీసి చూడండి. ధర తగ్గి, మళ్లీ పెరిగే అవకాశం ఉండటం ఒకటి. అసలే చేజారి, తిరిగి రాకపోవడం మరొకటి. నాన్నగారు భయపడుతున్నది మొదటిదానికి, ఒప్పుకోబోతున్నది రెండవదానికి.

నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆ వ్యాపారికి ఇందులో సగం వడ్డీకే బ్యాంకు అప్పు దొరికితే నాన్నగారి దగ్గరకు వచ్చేవారు కాదు. బ్యాంకు ఇవ్వను అని ఉండాలి, లేదా ఇవ్వగలిగినంతా ఇప్పటికే ఇచ్చి ఉండాలి. కాబట్టి ఆ అదనపు వడ్డీ మనమీద అభిమానంతో ఇస్తున్నది కాదు, అసలు పోయే ప్రమాదానికి కడుతున్న వెల. ఒక లెక్క వేసి చూడండి. తలా లక్ష చొప్పున పదిమందికి అప్పిచ్చారనుకుందాము. ఏడాదిలో ఒక్కరు చేతులెత్తేస్తే, మిగతా తొమ్మిది మంది వడ్డీ 2,16,000 నుంచి పోయిన లక్ష తీసేయగా 1,16,000 మిగులుతుంది, అంటే 11.6 శాతం. ఇద్దరు ఎగ్గొడితే వచ్చే వడ్డీ 1,92,000, పోయేది రెండు లక్షలు, అసలుకే కోత. నాన్నగారు ఇస్తున్నది పదిమందికి కూడా కాదు, ఒక్కరికే 20 లక్షలు. ఆ ఒక్కరి వ్యాపారం దెబ్బతింటే సగటు లెక్కలేవీ ఆదుకోవు.

నోటు చేతిలో ఉంది కదా అనే ధీమా కూడా పూర్తిగా సరైనది కాదు. మూడేళ్లలోపు తిరగరాయించకుండా, కనీసం కొంత సొమ్ము జమ కట్టించుకుని నోటు వెనుక సంతకంతో చెల్లు అయినా వేయించకుండా ఊరుకుంటే దానికి కాలదోషం పడుతుంది, అంటే కోర్టు ద్వారా వసూలు చేసుకునే వీలు పోతుంది. పరిచయం ఎక్కువైన కొద్దీ ఆ మాట అడగడానికి మొహమాటం కూడా ఎక్కువవుతుందని మనందరికీ తెలిసిందే. అగ్రిగోల్డ్‌లో డబ్బు పెట్టిన లక్షలాది మందిలో చాలామంది ఊళ్లోని పరిచయస్తులైన ఏజెంట్ల మాట మీదే పెట్టారు. ఆ కంపెనీ చెల్లింపులు ఆపేసిన తర్వాత, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో 10 వేల లోపు, 2021లో 20 వేల లోపు డిపాజిట్లు ఉన్నవారికి సొమ్ము చెల్లించింది. పెద్ద మొత్తాలు పెట్టినవారు ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది.

ఇక షేర్లు. ఒక్క కంపెనీలో పెట్టడం వేరు, మార్కెట్ మొత్తాన్ని కొనడం వేరు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడినప్పుడు, సుమారు 179 రూపాయల వద్ద ఉన్న షేరు ఒక్క రోజులో 40 రూపాయల దగ్గరకు పడిపోయింది. సత్యం అప్పట్లో నిఫ్టీ 50 సూచీలో (యాభై పెద్ద కంపెనీల షేర్లను కలిపి మార్కెట్ తీరును చూపే కొలత) ఉన్న కంపెనీయే. ఆ రోజు సూచీ కూడా పడింది, కానీ తర్వాతి నెలల్లో కోలుకుంది. సత్యం ఒక్కదాన్నే నమ్ముకున్నవారికి ఆ కోలుకోవడం దక్కలేదు.

మార్కెట్ మొత్తాన్ని కొన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండవచ్చని కాదు. 2008 జనవరిలో 21,000 తాకిన సెన్సెక్స్ అనే మరో సూచీ అదే ఏడాది అక్టోబరులో 8,000 కిందకు కూడా వెళ్లి వచ్చింది. మళ్లీ 21,000 చేరింది 2010 నవంబరులో, దీపావళి నాడు. మధ్యలో పెళ్లి ముహూర్తం పడినవారి పరిస్థితి ఊహించుకోండి. రెండేళ్లలో కావలసిన 12 లక్షలు షేర్లలో ఉండకూడదనడానికి ఇంతకంటే వేరే కారణం అక్కర్లేదు.

ఓరుగల్లు:

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను, కానీ బ్యాంకులో ఉన్నదంతా క్షేమమేనన్న భావన కలగకుండా ఒక మాట చేర్చాలి. బ్యాంకు మూతపడితే సొమ్ము తిరిగి ఇప్పించే డిపాజిట్ బీమా పరిమితి 2020 ఫిబ్రవరి 4న లక్ష నుంచి 5 లక్షలకు పెరిగింది. ఒక బ్యాంకులో ఒక వ్యక్తి పేరిట అన్ని శాఖల్లోనూ ఉన్న మొత్తానికి, అసలు, వడ్డీ కలిపి ఇదే పరిమితి. 45 లక్షలలో 40 లక్షలకు బీమా లేనట్టే. పెద్ద ప్రభుత్వ రంగ బ్యాంకు అయితే నేను నిద్ర మానుకోను. చిన్న సహకార బ్యాంకు అయితే మాత్రం ఈ వారమే కదిలిస్తాను.

నేనైతే ఇలా విడదీస్తాను. 12 లక్షలు పెళ్లికి, 3 లక్షలు ఆసుపత్రి వంటి అత్యవసరాలకు, 25 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీముకు. ఈ స్కీము పరిమితి 2023లో 30 లక్షలకు, వడ్డీ 8.2 శాతానికి పెరిగాయి. ప్రభుత్వం మూడు నెలలకోసారి రేటును సమీక్షించినా, ఖాతా తెరిచిన నాటి రేటే ఐదేళ్లూ కొనసాగుతుంది. 8.2 శాతం చొప్పున 25 లక్షలకు ఏటా 2,05,000, అంటే మూడు నెలలకోసారి 51,250 రూపాయలు చేతికి వస్తాయి. మిగిలిన 5 లక్షలు ఏడెనిమిదేళ్లు ముట్టుకోనక్కర లేదనుకుంటే ఇండెక్స్ ఫండులో (సూచీలోని కంపెనీలన్నిటి షేర్లనూ కొనే ఫండు) పెట్టవచ్చు. 2008 నాటి పతనమే మళ్లీ వచ్చి అందులో 3 లక్షలు తరిగిపోయినట్టు కనిపించినా, అది స్కీము ఇచ్చే రెండేళ్ల వడ్డీ కంటే తక్కువ. ఎంత పడితే తట్టుకోగలమో రూపాయల్లో ముందే తేల్చుకుని, దాన్నిబట్టి పెట్టుబడి పరిమాణం నిర్ణయించుకోవడమే నేను పాటించే పద్ధతి.

సాధారణంగా ధరల పెరుగుదలను చూపించి వృద్ధులను కూడా షేర్లవైపు నెడుతుంటారు. ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరిగితే పన్నెండేళ్లలో రూపాయి విలువ సగమవుతుందన్నది నిజమే. కానీ మీ నాన్నగారి పింఛను మీద డీఆర్ (ధరలను బట్టి ఇచ్చే కరువు భృతి) పెరుగుతూ ఉంటుంది కాబట్టి, ఆ ప్రమాదంలో పెద్ద భాగం ఇప్పటికే తగ్గింది. పింఛను లేని ప్రైవేటు ఉద్యోగికి షేర్లు అవసరం కావచ్చు, మీ ఇంట్లో అవి ఐచ్ఛికం. నాన్నగారికి ఇష్టం లేకపోతే ఆ 5 లక్షలు కూడా స్కీములోనే వేయండి, పరిమితికి సరిపోతుంది. బావగారితో వాదన కూడా తప్పుతుంది.

నర్సాపురం లేసు:

పాలసీ గురించి ఎవరూ చెప్పలేదు. యూనిట్ లింక్డ్ పాలసీలో ఐదేళ్లు సొమ్ము కదలదు, పైగా మార్కెట్ ఒడుదొడుకులన్నీ పాలసీదారువే. సంపాదించే మనిషి పోతే కుటుంబానికి ఆధారం ఉండాలని జీవిత బీమా తీసుకుంటారు. మీ నాన్నగారి తర్వాత మీ అమ్మగారికి కుటుంబ పింఛను వస్తుంది. ఇక ఈ వయసులో బీమా ఖర్చు ఎక్కువ, అవసరం తక్కువ. ఆ అధికారికి మర్యాదగానే వద్దని చెప్పండి, కావాలంటే ఆరోగ్య బీమా వివరాలు అడగండి.

గౌతమీతీరం:

అందరికీ ధన్యవాదాలు. 20 లక్షలు ఒక్కరికే ఇస్తున్నామన్న లెక్క నాన్నగారికి చూపించాను. నోటు మాట ప్రస్తుతానికి ఆగింది. చిన్న సందేహం. పెళ్లి సొమ్మును కూడా సీనియర్ స్కీములోనే వేసి, రెండేళ్లకు వెనక్కి తీసుకుంటే ఎక్కువ వడ్డీ రాదా?

ఓరుగల్లు:

అలా చేయకండి. ఏడాదిలోపు మూసేస్తే వడ్డీ ఏమీ రాదు, ఇచ్చినది ఉంటే అసలులోంచి పట్టుకుంటారు. ఏడాది దాటి రెండేళ్లలోపు అయితే అసలులో 1.5 శాతం, రెండేళ్లు దాటి ఐదేళ్లలోపు అయితే 1 శాతం కోత పడుతుంది. సంబంధం ఎప్పుడు కుదురుతుందో మన చేతిలో లేదు కాబట్టి, ఆ 12 లక్షలను 4 లక్షల చొప్పున మూడు బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయండి. ప్రతిదీ బీమా పరిమితిలోనే ఉంటుంది, ముహూర్తం ముందుకు జరిగితే కావలసిన ఒక్కదాన్నే గడువుకు ముందు తీసుకుని దాని వడ్డీ వరకే కొంత వదులుకోవచ్చు. మూడింటికీ నామినీగా అమ్మగారి పేరు రాయించడం మరచిపోకండి.